నిధినివేదనము

భూమిలో దొరకిన పూర్వవస్తువు నెవరికిఁ దెలుపవలయును, దానిలో నెవరి కెంత భాగము చెల్లును అను విచారము మన ధర్మశాస్త్రకారులకుఁ గ్రొత్త కాదు. పురాతననిధులలో సగము రాజునకుఁ జెందునని మనువు విధించి, రాజు రక్షకుఁడును భూమి కధిపతియు నగుటను దానికి హేతువుగాఁ జూపెను. యాజ్ఞవల్క్యుఁడు విద్వాంసుఁడగు బ్రాహ్మణునకు దొరకినదానిని సర్వము నతనికే విడిచి, ఇతరులకు దొరకిన నిధివిషయమున రాజు షష్ఠాంశము నాహరించునని మాత్రము చెప్పెను. వ్యాకరణరీతిని రాజు కర్తయు, షష్ఠాంశము కర్మయు నగుటచే రాజు గైకొనునది యాఱవపాలే యని తోఁచును. మితాక్షరాకారుఁ డట్లు గ్రహింపలేదు. ‘ఇచ్చి’ యను క్రియ నధ్యాహరించి, కనుగొన్నవాని కాఱవపా లిచ్చి శేషమును రాజు గైకొనునని వ్యాఖ్యానించెను. అన్వయము క్లిష్టమే, కాని వసిష్ఠవచనముతో నేకవాక్యత కుదురుట కిది యావశ్యకము.

గౌతముఁడు కొందఱి మతముగా నుదాహరించినచోటఁ బ్రయోగించిన పదము ‘ఆఖ్యాత’. ఆఙ్పూర్వకమగు ఖ్యాధాతువుపై తృచ్ప్రత్యయము, చెప్పినవాఁడని యర్థము. అనఁగా భాగము చేతఁబట్టినవానికిఁ గాక, వచ్చి చెప్పినవానికిఁ జెల్లుచున్నది. కౌటిల్యుఁడును నివేదనమునకే యాఱవపాలు విధించి, రహస్యముగా గైకొన్నవానికి 1000 పణముల దండమును జెప్పెను. యాజ్ఞవల్క్యమతమునఁ జెప్పక పట్టువడినవాఁడు నిధినిఁ గోల్పోవుటయే కాక దండితుఁడును అగును.

విజయనగరకాలపు దానశాసనములలో నిధినిక్షేపములు అష్టభోగములలోఁ జేర్చి ప్రతిగ్రహీత కీయఁబడుట సుప్రసిద్ధము. ప్రత్యేకముగా నీయవలసి వచ్చుటను బట్టియే యీయనిచో నవి రాజువని యూహింపవచ్చును.

1878వ సంవత్సరమున నాంగ్లప్రభుత్వము చేసిన నిధిశాసనముకూడ నీ నివేదనమునే మూలముగాఁ గొన్నది. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినవాఁడు దాని స్వరూపమును, దొరకిన చోటును, దినమును వ్రాతమూలమునఁ గలెక్టరునకుఁ దెలుపవలయును. హక్కుదారుఁడు తేలనిచో, వేఱొడంబడిక లేనియెడల, ముప్పాతిక కనుగొన్నవానికిని పాతిక స్థలస్వామికిని జెందును. తెలుపనివాఁడు తన భాగమును గోల్పోవుటయే కాక, యొక సంవత్సరము వఱకుఁ గారాగృహవాసమునకుఁ గూడ నర్హుఁడు. ఆఱవపాలు ముప్పాతికయైనది, దండనీతి మాత్రము యాజ్ఞవల్క్యునిదే. నిధిని ప్రభుత్వము తీసికొనఁగోరినచో ద్రవ్యపు విలువకు దానిలో నైదవవంతు చేర్చి యీయవలయును. బంగారమునకుఁ బైన, చరిత్రకు వెల యంతయే కాఁబోలు!

ప్రాచీనవిధులును, ఈ శాసనమును ధనమునే లక్షించినవి. మట్టిదిబ్బలోని యిటుకకును, జెక్కడపుఱాతికిని జెప్పువాఁడును లేఁడు, వినువాఁడును లేఁడు. ఈ లోపముయొక్క ఫలము అంతకుముందే యమరావతిలోఁ గాననైనది. వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు పట్టణమును నిర్మించుచుండఁగా దీపాలదిన్నెనుండి యిటుకలును ఱాళ్లును తరలిపోయెను. 1797లో మెకంజీ యచ్చటికి వచ్చి చూచి, 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించెను. పెక్కు ఫలకములు సున్నమునకై కాల్పఁబడినవి. త్రవ్వినవారి నపరాధు లనుట కష్టము. చెప్పుమని శాసించిన ధర్మ మేదియు వారి కప్పుడు లేదు. 1904వ సంవత్సరపు ప్రాచీననిర్మాణరక్షణశాసనమును, స్వాతంత్ర్యానంతరము 1958లో గేంద్రమును, 1960లో నాంధ్రప్రదేశమును జేసిన శాసనములును ఱాతిని, స్థలమును గూడ రక్ష్యములుగా నెంచినవి.

నిధిశాసనము కోరిన మూఁడింటిలో దొరకిన చోటే చరిత్రకారునకుఁ బ్రధానము. అమరావతీఫలకము లిప్పుడు కొన్ని లండనునందలి బ్రిటిషు మ్యూజియములోను, కొన్ని చెన్నపట్టణపు మ్యూజియములోను, కొన్ని యమరావతిలోను నున్నవి. వానిలోఁ బెక్కు స్తూపమున కే దిక్కున నుండెనో నిర్ణయించుటకు సాధనము మిగులలేదు.