మేళకర్తల లెక్క

మన యిండ్లలో పిల్లలు సంగీతమునకు కూర్చుండిన తొలినాడు పాడునది మాయామాళవగౌళ. పులికాటు సరస్సు చుట్టుపట్టుల సీమతో నీ రాగమునకు మరియొక సంబంధము కలదు. సరస్సునకు దక్షిణమున, చెన్నపట్టణము దరినున్న మణలిలో పెరిగి, కాశికి పోయివచ్చిన ముత్తుస్వామి దీక్షితులు తన తొలికృతిని తిరుత్తణి కొండపై నీ రాగముననే పాడెనని సంప్రదాయము. తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలోనిదే.

ఈ రాగము పేరులో నొక లెక్క దాగియున్నది. కటపయాది పద్ధతిని 'మా' యనగా 5, 'యా' యనగా 1. తిరుగవేసిన 15. ఇది పదునైదవ మేళము. శంకరాభరణమునకు ముందు 'ధీర' యని తగిలించుటయు ఇందుకే: 'ధీ' 9, 'ర' 2, కావున 29. ధైర్యముతో దానికేమి పని!

ఈ మేళముల సంఖ్యను తేల్చినవాడు వేంకటమఖి. పదునేడవ శతాబ్దమున, తంజావూరి నాయకరాజు విజయరాఘవుని యాస్థానమున, అతడు చతుర్దండిప్రకాశిక రచించెను. స, ప లు కదలవు. సకు పైన రి–గలకు నాలుగు స్థానములు. నాలుగింట రెంటిని కోరుకొను విధము లారు. పకు పైన ద–నిలకును అట్లే యారు. ఆరారులు ముప్పదియారు. మధ్యమములు రెండు గనుక మొత్తము 72. ఒక్కదానిని పెంచుటకుగాని తగ్గించుటకుగాని ఫాలలోచనునకైనను శక్యము కాదని అతడు చాటెను. గర్వము కావచ్చును, కాని లెక్క తప్పు కాదు.

వరుసకు గల సౌలభ్యము చూడుడు. పదునైదులోనుండి ఆరేసి మేళముల చక్రములు రెండు తీసివేయగా మిగులునది మూడు. అనగా మూడవ చక్రమున మూడవ మేళము: శుద్ధరిషభము, అంతరగాంధారము, శుద్ధధైవతము, కాకలినిషాదము. గురువు నడుగకయే సంఖ్యనుండి స్వరములు తెలిసినవి.

ఇట్టి గణనము వేంకటమఖితో మొదలైనది కాదు. పదుమూడవ శతాబ్దమున దేవగిరిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున ఏడు స్వరముల ప్రస్తారములు 5040 అని లెక్కించి, అన్నిటిని వ్రాయకయే కోరిన సంఖ్యగల ప్రస్తారమును కనుగొను ఉపాయమును సైతము తెలిపెను. నిమిషమునకు పదేసి చొప్పున పాడినను అన్నియు ముగియుటకు ఎనిమిది గంటల ఇరువదినాలుగు నిమిషములు పట్టును. పరాసుదేశమున మెర్సెన్ అను మతాచార్యుడు 1636 ప్రాంతమున ఆరు స్వరముల 720 ప్రస్తారములను ఓపికతో వ్రాసి ముద్రించెను. అతడును వేంకటమఖియు ఒకే శతాబ్దివారు, ఒకరి నొకరెరుగరు.

లెక్కవలన పుట్టినది రాగమగునా యని కొందరి యాక్షేపణ. అది సగము న్యాయము. తన కాలమున వాడుకలోనున్నవి పందొమ్మిది మేళములే యని వేంకటమఖియే చెప్పెను. తక్కినవి కట్టి తాళము వేసిన గదులు. వానిలో కాపురము పెట్టినవారు వాగ్గేయకారులు. దీక్షితులు వేంకటమఖి సంప్రదాయపు మార్గమున నడచెను. త్యాగరాజస్వామి మరియొక మార్గమున, ఇరువదిరెండవదియగు ఖరహరప్రియకు తన తెలుగు కృతులచే ప్రాణము పోసెను. ఆ కృతులను విన్నవారు అది పట్టికలోని గడియని తలపరు.

అయితే ఈ తాళపుచెవి చిరకాలము కొన్ని కుటుంబముల పెట్టెలలోనే యుండెను. నా మనసునకు కష్టమైన సంగతి యిది. లెక్క యెవరికైనను వచ్చును. దానిని దాచుకొనుట కేమి హేతువు? దీక్షితుల తమ్మునికి దత్తుడైన సుబ్బరామ దీక్షితులు, క్రైస్తవుడగు చిన్నస్వామి మొదలియారు ప్రోద్బలమున, తమ యింటి సొత్తును 1904లో సంగీతసంప్రదాయప్రదర్శినియను పేర ఎట్టయాపురమున తెలుగులిపిలో అచ్చొత్తించెను. అంతటితో పెట్టె తెరువబడినది.

పిమ్మట గోదావరిసీమవాడైన మంగళంపల్లి బాలమురళీకృష్ణ తరుణవయసుననే 72 మేళములలోను కృతులు రచించెను. అందు నలువది వివాది మేళములు. మొదటిదగు కనకాంగిని పాడి చూడుడు: స, రి, గలు మూడును ఒకదాని నొకటి ఒరసికొనుచుండును. శ్రుతి ఏమాత్రము జారినను గాంధారము రిషభమై పోవును.