అటక మీది పెట్టెలు

ఒక ఆసుపత్రి మూతపడింది. రోగులు వెళ్ళిపోయారు, వైద్యులూ వెళ్ళిపోయారు. గదుల్లో మిగిలిన ఇనుప మంచాలు, తోలుపట్టీల కుర్చీలు, స్నానపు తొట్లు పాత సామాన్ల కొట్టుకు చేరితే నష్టమేమిటని మీరు అడగవచ్చు. మానసిక వైద్యశాలల విషయంలో మాత్రం నష్టం ఉంది. ఎలాగో చూద్దాం.

ముందుగా ఒక కుర్చీని తీసుకుందాం. 1811 ప్రాంతంలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ రష్ అనే వైద్యుడు దీన్ని రూపొందించాడు. రోగి కాళ్ళూ చేతులూ పట్టీలతో బిగించి, తలను చెక్కపెట్టెలో ఇరికించేవారు. దీని పేరు 'శాంతపరిచే కుర్చీ'! రష్ క్రూరుడేమీ కాదు. మెదడులోని రక్తనాళాల్లో వచ్చే లోపమే ఉన్మాదానికి మూలమని ఆయన నమ్మాడు. కదలకుండా కూర్చోబెడితే తలకు రక్తప్రవాహం తగ్గుతుందని భావించాడు. అంటే ఆనాటి ఒక సిద్ధాంతం ఆ కుర్చీ రూపంలో మన ముందు నిలిచిందన్నమాట.

స్నానపు తొట్ల సంగతీ అంతే. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఉద్రేకంతో ఉన్న రోగిని గోరువెచ్చని నీటి తొట్టిలో పడుకోబెట్టి, తల మాత్రం బయటకు ఉండేలా పైన కాన్వాసు గుడ్డ కప్పేవారు. గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి అలాగే ఉంచేవారు.

విద్యుత్ చికిత్స పరికరాన్ని చూసేటప్పుడు మాత్రం కొంత జాగ్రత్త అవసరం. 1938లో రోము నగరంలో సెర్లెట్టి, బిని ఈ చికిత్సను ప్రారంభించారు. తొలి రోజుల్లో మత్తు ఇవ్వకపోవడంతో, మూర్ఛ తీవ్రతకు కొందరి ఎముకలు విరిగేవి. నేడు మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇచ్చి చేసే ఈ చికిత్స తీవ్రమైన కుంగుబాటులో ఎందరికో మేలు చేస్తోంది. పాత పెట్టెను చూసి భయపడి, చికిత్సనే నిందించకూడదు.

1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రొమజీన్ అనే మందును మానసిక రోగులకు వాడి మంచి ఫలితాలు సాధించారు. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో దాదాపు 5 లక్షల 59 వేల మంది ఉండేవారు. ఆ తరువాత కొత్త మందులు, ఖర్చు తగ్గించాలన్న ప్రభుత్వాల ఆలోచన, సమాజంలోనే చికిత్స జరగాలన్న వాదన కలిసి ఆ సంఖ్యను తగ్గిస్తూ వచ్చాయి. ఒక్కొక్కటిగా ఆసుపత్రులు మూతపడ్డాయి.

ఇంతవరకు చూసిన వస్తువులన్నీ వైద్యుల ఆలోచనలను చెబుతాయి. మరి రోగుల గురించి చెప్పేదేది?

న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా సరస్సు ఒడ్డున 1869లో విల్లార్డ్ ఆసుపత్రి ప్రారంభమైంది. 1995లో దాన్ని మూసివేస్తున్నప్పుడు ఒక భవనం అటక మీద 400కు పైగా సూట్‌కేసులు, ట్రంకుపెట్టెలు బయటపడ్డాయి. రోగులు ఆసుపత్రిలో చేరిన రోజున తెచ్చుకున్న సామాన్లు అవి! బట్టలు, ఉత్తరాలు, ఫోటోలు, గడియారాలు, కుట్టుపని సామగ్రి. ఇంటికి వెళ్ళే రోజు వస్తుందనుకుని సర్దుకున్న పెట్టెలు. చాలామందికి ఆ రోజు రాలేదు. ఆసుపత్రి శ్మశానంలో వేలాది సమాధులకు పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్ర మ్యూజియం ఆ పెట్టెలను భద్రపరిచింది. 2004లో వాటిని ప్రదర్శించింది. రోగ నివేదికలో 'కేసు'గా మిగిలిన వ్యక్తి, పెట్టె తెరిచేసరికి దర్జీగానో, నర్సుగానో, ఒక తల్లిగానో కనిపించింది.

ఆ పెట్టెలను విడివిడిగా వేలం వేసి ఉంటే? ఎవరి ఇంట్లోనో అలంకారంగా మిగిలేవి. ఏ వస్తువు ఎవరిది, ఏ వార్డులోది, ఏ సంవత్సరానిది అన్న ఆధారం తెగిపోతే, ఆ వస్తువు చరిత్ర చెప్పలేదు.

మన సంగతీ ఒకసారి చూసుకుందాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టివేసి ఉంచిన మానసిక రోగులు అగ్నిప్రమాదంలో చిక్కుకుని 28 మంది మరణించారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో బంధించడాన్నీ, మత్తుమందు లేకుండా విద్యుత్ చికిత్స చేయడాన్నీ నిషేధించింది. కాబట్టి గొలుసు ఇక మ్యూజియంలోనే ఉండాలి. దాని పక్కన అది ఎందుకు వాడారో, ఎవరికి వేశారో చెప్పే చీటీ కూడా తప్పకుండా ఉండాలి.