‘అమేజింగ్ గ్రేస్’ – పాట పుట్టుక, వరుస పుట్టుక

మనం ఉంటున్న ఈ అమెరికాలో, చర్చి గడప తొక్కని వారికి కూడా తెలిసిన కీర్తన ‘అమేజింగ్ గ్రేస్’. దీన్ని గురించి మనలో చాలామంది విన్న కథ ఒకటుంది. బానిసల ఓడ నడిపే కెప్టెన్ ఒకడు తుఫానులో చిక్కుకొని, దేవుణ్ణి తలచి, ఆ క్షణమే ఆ వ్యాపారం మానేసి ఈ పాట వ్రాశాడని. కథ బాగానే ఉంది గాని, చరిత్ర అలా నడవలేదు.

రచయిత జాన్ న్యూటన్ (1725–1807) లండన్‌లో పుట్టిన నావికుడు. 1748 మార్చిలో ఆయన ఎక్కిన ‘గ్రేహౌండ్’ ఓడ మునగబోయిన మాట నిజం. అప్పుడు భక్తి కలిగిన మాటా నిజమే. అయితే బానిసల ఓడలకు కెప్టెన్ అయింది ఆ తర్వాతనే! 1750–54 మధ్య మూడు యాత్రలు చేశాడు. మానుకున్నది కూడా పశ్చాత్తాపంతో కాదు, జబ్బు చేసి. 1764లో మతాచార్యుడై ఓల్నీ అనే ఊరు చేరాడు. లేసు అల్లుకొని బతికే అక్కడి బీదసాదల కోసం పాటలు వ్రాసేవాడు. 1773 జనవరి 1 నాటి ప్రసంగానికి తోడుగా వ్రాసినదే ఇది. 1779లో ‘ఓల్నీ హిమ్స్’ సంపుటంలో అచ్చయింది.

ఆ పుస్తకంలో మాటలే గాని స్వరాలు లేవు. పాదాలకు వరుసగా 8, 6, 8, 6 అక్షరాలుండే ఈ ఛందస్సు ఇంగ్లీషు కీర్తనల్లో సర్వసామాన్యం. మన కందపద్యాన్ని ఏ రాగంలోనైనా చదువుకోగలిగినట్లే, ఆ కొలతకు సరిపడే ఏ వరుసలోనైనా దీన్ని పాడవచ్చు.

ఇప్పుడు మనం వినే వరుస అమెరికాలో దొరికినది. 1829లో అచ్చయిన ‘కొలంబియన్ హార్మనీ’లో అది వేరే మాటలతో ఉంది. దక్షిణ కెరొలైనాకు చెందిన విలియం వాకర్ 1835లో తన ‘సదరన్ హార్మనీ’లో న్యూటన్ మాటలను ‘న్యూ బ్రిటన్’ అనే పేరుగల ఈ వరుసకు జతచేశాడు. స్వరాలను త్రికోణం, గుండ్రం, చతురస్రం, వజ్రం ఆకారాలలో అచ్చువేసిన పుస్తకమది. సంగీతం చెప్పుకోని పల్లెవాళ్ళు సైతం చూసి పాడుకోగలిగేవారు. ఈ వరుసలో ఉన్నవి అయిదే స్వరాలు: స రి గ ప ద. అంటే మన మోహన రాగపు స్వరాలే! గమకాలు లేకపోయినా మన చెవికి ఇట్టే పట్టుబడుతుందంటే ఆశ్చర్యమేముంది?

1852లో వెలువడిన ‘అంకుల్ టామ్స్ కాబిన్’ నవలలో ఈ పాట బానిస టామ్ నోట వినిపించింది. ఈనాడు చివర పాడే చరణం అందులో ఉంది. అది న్యూటన్ వ్రాసినది కాదు.

ఇక న్యూటన్ సంగతి. ఓడ దిగిన 34 ఏళ్ళకు, 1788లో, బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ, అందులో తన పాలు ఒప్పుకుంటూ చిన్న పుస్తకం ప్రకటించాడు. ప్రివీ కౌన్సిల్ ఎదుట సాక్ష్యం చెప్పాడు. 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది. ఆ డిసెంబరులోనే ఆయన కన్నుమూశాడు.

పాటకు ఈ వరుస కుదరడానికి 62 ఏళ్ళు పట్టింది. వ్రాసినవాడు తన తప్పు నలుగురిలో చెప్పడానికి 34 ఏళ్ళు పట్టింది. మన పిల్లలు ఈ పాట నేర్చుకొని కథ అడిగినప్పుడు, తుఫాను దగ్గరే ఆపక, ఇదంతా చెబుదాం. మనిషి మారడం ఒక్క రాత్రిలో జరిగే పని కాదని వాళ్ళకూ తెలుస్తుంది.