ల్యాప్‌టాప్‌లలో డిక్లరేటివ్ లినక్స్ అమరిక

డిక్లరేటివ్ లినక్స్ అమరిక అంటే కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలి, ఏ సేవలు నడవాలి, వాడుకరులు ఎవరెవరు, కీబోర్డు ఏది, డిస్కు ఎలా తెరుచుకోవాలి అన్నవన్నీ కొన్ని టెక్స్ట్ ఫైళ్లలో రాసిపెట్టి, ఆ రాత ప్రకారమే వ్యవస్థ మొత్తాన్ని నిర్మించే పద్ధతి. మామూలు లినక్స్‌లో వాడుకరి ఒకదాని తర్వాత ఒకటిగా కమాండ్లు ఇస్తూ పోతాడు. ఇందులో మాత్రం చివరికి ఏం ఉండాలో చెప్పి ఊరుకుంటాడు, అక్కడికి చేరే దారి వెతకడం సాధనం పని. సర్వర్లు, ఆఫీసు వర్క్‌స్టేషన్ల నిర్వహణలో పుట్టిన ఈ ఆలోచన సొంత ల్యాప్‌టాప్‌ల దాకా రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. నేడు నిక్స్‌ఓఎస్, గ్నూ గీక్స్ అనే రెండు డిస్ట్రోలు దీనికి ముఖ్య ప్రతినిధులు.

నేపథ్యం

యూనిక్స్ వ్యవస్థల్లో అమరికలు చాలావరకు మొదటినుంచీ టెక్స్ట్ ఫైళ్లే. వ్యవస్థ మొత్తానికి చెందినవి ఈటీసీ డైరెక్టరీలో ఉంటాయి. సొంత అలవాట్లకు చెందినవి హోమ్ డైరెక్టరీలో, పేరు చుక్కతో మొదలయ్యే ఫైళ్లుగా దాగి ఉంటాయి. 1990లలో డెబియన్, రెడ్‌హ్యాట్ వంటి డిస్ట్రోలు ప్యాకేజీ మేనేజర్లను తెచ్చి సాఫ్ట్‌వేర్ ఎక్కించడాన్నీ తీసెయ్యడాన్నీ తేలిక చేశాయి. కానీ ప్యాకేజీలన్నీ ఒకే ఉమ్మడి డైరెక్టరీల్లో ఫైళ్లు పెడతాయి, కొత్త వెర్షన్ వస్తే పాత ఫైలు మీదే రాస్తాయి. అప్‌గ్రేడ్ మధ్యలో బ్యాటరీ అయిపోతే సగం పాత, సగం కొత్త వ్యవస్థ మిగలవచ్చు. ఇది కంటికి కనిపించే నష్టం. కనపడనిది ఇంకొకటి ఉంది. నాలుగైదేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌లో ఏ ఫైలును ఎప్పుడు, ఎందుకు మార్చారో యజమానికే గుర్తుండదు. అది పాడై కొత్తది కొన్నప్పుడు పాత అమరికను జ్ఞాపకం నుంచి మళ్లీ కట్టుకోవాలి.

వందల యంత్రాలు చూసుకునేవాళ్లకు ఈ బాధ ముందే తెలిసింది. ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ 1993లో సీఎఫ్ఇంజిన్‌ను రాశాడు. రకరకాల యూనిక్స్ యంత్రాలకు వేర్వేరు స్క్రిప్టులు రాసే బదులు, కోరుకున్న స్థితిని ఒకచోట వర్ణిస్తే సాధనం ప్రతి యంత్రాన్నీ ఆ స్థితికి దగ్గర చేయాలన్నది అతని ఉద్దేశం. 2005లో లూక్ కేనీస్ తెచ్చిన పపెట్, 2012లో మైకేల్ డీహాన్ తెచ్చిన యాన్సిబుల్ అదే దారిలో నడిచాయి.

ఈ సాధనాల పరిమితిని స్టీవ్ ట్రౌగాట్, లాన్స్ బ్రౌన్ 2002లో ఒక పరిశోధన పత్రంలో చక్కగా తేల్చారు. వాళ్ల లెక్కలో యంత్రాల నిర్వహణ మూడు రకాలు: అనుకున్న స్థితి నుంచి రోజురోజుకీ దూరం జరిగేది, దానికి క్రమంగా దగ్గరయ్యేది, దానితో ఎప్పుడూ అచ్చంగా సరిపోయేది. సీఎఫ్ఇంజిన్, దాని వారసులు రెండో రకం. ప్రింటర్ సేవ నడవాలని ఫైలులో రాస్తే అవి నడుపుతాయి. ఆ వాక్యాన్ని తర్వాత కొట్టేస్తే మాత్రం సేవ ఆగదు, ఎందుకంటే ఫైలులో లేని విషయం గురించి వాటికి పట్టింపు లేదు. రాసినది ఉంటుందన్న హామీ దొరికింది కానీ, రాయనిది ఉండదన్న హామీ దొరకలేదు. ల్యాప్‌టాప్ యజమానులు కొందరు తమ చుక్క ఫైళ్లను గిట్‌లో పెట్టుకుని, గ్నూ స్టో వంటి సాధనంతో లింకులు వేసుకుంటూ చాలాకాలం నెట్టుకొచ్చారు. ఆ ఏర్పాటు హోమ్ డైరెక్టరీ గడప దాటలేదు.

యూట్రెక్ట్‌లో నిక్స్

మూడో రకానికి దారి నెదర్లాండ్స్‌లో పడింది. యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఎల్కో డోల్‌స్ట్రా 2003లో నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్ మీద పని మొదలుపెట్టాడు, 2006లో దాని మీదే డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో ఒక ఫంక్షన్‌కు అవే విలువలు ఇస్తే అదే ఫలితం వస్తుంది, మధ్యలో బయటి వస్తువు ఏదీ మారదు. ప్యాకేజీని నిర్మించడాన్ని కూడా అలాంటి ఫంక్షన్‌గా చూడాలన్నది అతని ప్రతిపాదన.

అందుకు అతను ఎంచుకున్న ఉపాయం ఫైళ్ల చిరునామాలో ఉంది. నిక్స్‌లో ప్రతి ప్యాకేజీకీ నిక్స్ స్టోర్ అనే చోట విడి డైరెక్టరీ ఉంటుంది, దాని పేరుకు ముందు 32 అక్షరాల హ్యాష్ ఉంటుంది. మూల కోడ్, కంపైలర్, కంపైలర్‌కు ఇచ్చిన ఆప్షన్లు, ఆధారపడే ఇతర ప్యాకేజీలు అన్నీ కలిపి ఆ హ్యాష్‌ను లెక్కిస్తారు. వీటిలో ఏ ఒక్కటి మారినా హ్యాష్ మారి కొత్త డైరెక్టరీ ఏర్పడుతుంది, పాతది చెక్కుచెదరదు. ఒకే ప్రోగ్రాం రెండు వెర్షన్లు పక్కపక్కనే గొడవ లేకుండా ఉండగలవు. అప్‌గ్రేడ్ అంటే కొత్త డైరెక్టరీల వైపు ఒక లింకును తిప్పడమే, వెనక్కి వెళ్లడమంటే ఆ లింకును పాతచోటికి తిప్పడమే. ఈ పద్ధతికి మూల్యం కూడా ఉంది. సీ లైబ్రరీ వంటి పునాది ప్యాకేజీలో చిన్న దిద్దుబాటు జరిగినా దానిపై ఆధారపడ్డ వేల ప్యాకేజీలను మళ్లీ నిర్మించాలి. ఆ భారం వాడుకరి మీద పడకుండా, ప్రాజెక్టు సర్వర్లు ముందే నిర్మించి పెట్టిన ఫలితాలను అదే హ్యాష్ ఆధారంగా దించుకునే ఏర్పాటు చేశారు. అది లేకపోతే నిక్స్ ల్యాప్‌టాప్‌లకు పనికొచ్చేదే కాదు.

ప్యాకేజీలకు పనికొచ్చిన సూత్రం ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తానికి పనికొస్తుందా అన్న ప్రశ్నను ఆర్మైన్ హెమెల్ అదే విశ్వవిద్యాలయంలో 2006 నాటి తన మాస్టర్స్ వ్యాసంలో చేపట్టాడు. నిక్స్‌ఓఎస్ అలా మొదలైంది. 2008లో డోల్‌స్ట్రా, ఆండ్రెస్ లో కలిసి రాసిన పత్రం దాన్ని విద్యాలోకానికి పరిచయం చేసింది. ఇందులో కెర్నెల్, బూట్ మెనూ, ఈటీసీలోని ఫైళ్లు, సేవల వివరాలు సైతం స్టోర్‌లో నిర్మితమయ్యే వస్తువులే. కాన్ఫిగరేషన్ ఫైలులోంచి ప్రింటర్ సేవ వాక్యాన్ని తీసేస్తే తర్వాతి నిర్మాణంలో ఆ సేవ ఉండదు.

మొదటి స్థిర విడుదల 13.10, 2013 అక్టోబరులో వచ్చింది. అప్పటినుంచి సాధారణంగా ఏడాదికి రెండు విడుదలలు వస్తున్నాయి, కొన్నేళ్లుగా మే, నవంబరు నెలల్లో. 2015లో నెదర్లాండ్స్‌లోనే నిక్స్‌ఓఎస్ ఫౌండేషన్ ఏర్పడింది.

గీక్స్

నిక్స్‌కు తోడ్పడిన వారిలో ఒకడైన లుడోవిక్ కోర్టెస్ 2012లో గ్నూ ప్రాజెక్టు తరఫున గీక్స్‌ను ప్రకటించాడు. స్టోర్, హ్యాష్ పద్ధతులు నిక్స్‌వే. నేపథ్యంలో నడిచే డీమన్ కూడా నిక్స్ కోడ్ నుంచి వచ్చిందే. తేడా భాషలో ఉంది. నిక్స్‌కు దానికంటూ తయారుచేసిన చిన్న భాష ఉంటే, గీక్స్‌లో వ్యవస్థ వర్ణన గైల్ స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తారు. వెర్షన్ 1.0 రావడానికి 2019 మే వరకు ఆగాల్సి వచ్చింది. 2023లో గీక్స్ బృందం కేవలం 357 బైట్ల విత్తన ప్రోగ్రాం నుంచి మొదలుపెట్టి కంపైలర్ల గొలుసు మొత్తాన్ని మూల కోడ్ నుంచే నిర్మించి చూపింది. సాఫ్ట్‌వేర్‌ను ఎవరి మాట మీదా నమ్మనక్కర్లేదన్న వాదానికి ఇంతకన్నా గట్టి నిదర్శనం అరుదు. ల్యాప్‌టాప్ కొన్నవాడికి ఎదురయ్యే ఇబ్బంది వేరు: గీక్స్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమం ప్రకారం లినక్స్-లిబ్రే కెర్నెల్‌నే ఇస్తుంది, అందులో స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్ ఉండదు. ఫలితంగా చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై పనిచేయదు. అధికారిక ప్రాజెక్టుతో సంబంధం లేని ప్యాకేజీల చానల్‌ను చేర్చుకుని చాలామంది ఈ లోటు తీర్చుకుంటారు.

ల్యాప్‌టాప్‌పై నిర్వహణ

నిక్స్‌ఓఎస్ ఎక్కించేటప్పుడు రెండు ఫైళ్లు తయారవుతాయి. ఒకటి ఆ యంత్రపు డిస్కు విభాగాలను, అవసరమైన డ్రైవర్లను తనంత తానే పసిగట్టి రాసినది. రెండోది యజమాని దిద్దుకునేది. పది వేలకు పైగా ఉన్న ఆప్షన్లలో తనకు కావలసినవి అతను ఈ రెండో ఫైలులో రాసుకుంటాడు. బ్యాటరీ ఆదా కోసం టీఎల్‌పీని నడపడానికి ఒక పంక్తి చాలు, బ్లూటూత్‌కు ఇంకొకటి. తెలుగులో టైపు చేసేవారు భారతీయ కీబోర్డు లేఅవుట్‌లోని తెలుగు రకాన్ని, లోహిత్ వంటి తెలుగు ఫాంటును ఇందులోనే చేర్చుకుంటే ల్యాప్‌టాప్ మారినప్పుడు వాటి కోసం మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. పేరున్న ల్యాప్‌టాప్ మోడళ్లలో ఒక్కోదానికి ఉండే చిక్కులను తీర్చే అమరికలను వాడుకరులు నిక్స్‌ఓఎస్-హార్డ్‌వేర్ అనే ఉమ్మడి సేకరణలో పోగేశారు.

ఫైలు దిద్దాక నిక్స్‌ఓఎస్-రీబిల్డ్ కమాండ్ నడిపితే కొత్త వ్యవస్థ నిర్మితమవుతుంది, మారిన సేవలు మాత్రమే మళ్లీ మొదలవుతాయి. ప్రతి నిర్మాణం ఒక తరంగా నమోదై బూట్ మెనూలో కనిపిస్తుంది. కొత్త కెర్నెల్‌తో తెర నల్లబడినా, సస్పెండ్ నుంచి ల్యాప్‌టాప్ లేవకపోయినా, రీబూట్ చేసి నిన్నటి తరాన్ని ఎంచుకుంటే పని జరిగిపోతుంది. ఉన్న ఒక్క యంత్రం మీదే బతుకుతెరువు సాగేవారికి ఈ సౌకర్యం మిగతా సిద్ధాంతమంతటికన్నా విలువైనది. తరాలు పేరుకుపోతే డిస్కు నిండుతుంది కాబట్టి పాతవాటిని అప్పుడప్పుడు ఊడ్చెయ్యాలి. విండోస్‌తో పాటు లినక్స్ వాడే ల్యాప్‌టాప్‌లలో బూట్ విభాగం చాలా చిన్నదిగా ఉంటుంది. సిస్టమ్‌డీ-బూట్ అనే బూట్ లోడర్ వాడితే కెర్నెళ్లు అక్కడికే చేరి అది త్వరగా నిండిపోతుంది. అందుకే మెనూలో ఎన్ని తరాలు ఉంచాలో పరిమితి పెట్టుకునే ఆప్షన్ ఉంది.

వ్యవస్థ ఫైలుకు అందని హోమ్ డైరెక్టరీ కోసం హోమ్ మేనేజర్ వచ్చింది. షెల్, ఎడిటర్, గిట్ అమరికలను కూడా అదే భాషలో రాయడానికి ఇది వీలిచ్చింది. నిక్స్‌ఓఎస్ లేని ఇతర డిస్ట్రోల మీద కూడా పనిచేయడం దీని ప్రచారానికి తోడ్పడింది. గీక్స్‌లో ఇలాంటిదే గీక్స్ హోమ్.

ఇంకో లోపం చాలాకాలం మిగిలిపోయింది. కాన్ఫిగరేషన్ ఫైలు మారకపోయినా, ప్యాకేజీలు వచ్చే చానల్ రోజురోజుకీ మారుతుంది. అదే ఫైలుతో జనవరిలో ఒక వ్యవస్థ, జూన్‌లో మరో వ్యవస్థ తయారవుతాయి. దీనికి విరుగుడుగా ఫ్లేక్స్ అనే ఏర్పాటు 2021 నవంబరులో వచ్చిన నిక్స్ 2.4లో ప్రయోగాత్మకంగా చేరింది. ఏ ప్యాకేజీ సేకరణ ఏ క్షణంలో ఎలా ఉందో ఒక లాక్ ఫైలులో నమోదవుతుంది. యజమాని కోరినప్పుడే అది ముందుకు జరుగుతుంది. ఒకే గిట్ సేకరణలో ఇంటి ల్యాప్‌టాప్, ఆఫీసు ల్యాప్‌టాప్ రెండింటి వర్ణనా ఉంచి, ఉమ్మడి భాగాన్ని ఒక్కసారే రాసుకోవడం దీనితో సర్వసాధారణమైంది. గిట్‌కు చేర్చని ఫైలు ఫ్లేక్స్ కంటికి కనిపించదు. కొత్తవాళ్లు మొదట తడబడేది ఎక్కువగా ఇక్కడే. విస్తారంగా వాడుకలో ఉన్నా ఫ్లేక్స్‌కు ప్రయోగాత్మకమన్న ముద్ర ఏళ్ల తరబడి తొలగలేదు, దాన్ని తెచ్చిన తీరు మీద ప్రాజెక్టులో విభేదాలూ చల్లారలేదు.

వర్ణనకు అందనివి

వ్యవస్థనంతా రాసిపెట్టామన్న మాట ల్యాప్‌టాప్ విషయంలో పూర్తిగా నిజం కాదు. వైఫై పాస్‌వర్డులు, జత చేసిన బ్లూటూత్ పరికరాలు, బ్రౌజర్ ప్రొఫైల్, డేటాబేసుల్లోని సమాచారం వాడకంలో పుట్టుకొస్తాయి. పాత తరానికి వెనక్కి వెళ్లినప్పుడు ప్రోగ్రాంలు పాతబడతాయి, డేటా పాతబడదు. కొత్త డేటాను పాత ప్రోగ్రాం చదవలేని సందర్భాలు ఉంటాయి. మొదట ఏ విడుదలతో ఎక్కించారో చెప్పే స్టేట్‌వెర్షన్ విలువ ఈ కారణంగానే కాన్ఫిగరేషన్‌లో ఉంటుంది. అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా దాన్ని పెంచాలని చాలామంది పొరబడతారు, నిజానికి దాన్ని అలాగే వదిలేయాలి.

స్టోర్‌లోని ప్రతి ఫైలును యంత్రంలోని ఏ వాడుకరి అయినా చదవగలడు కాబట్టి రహస్యాలను నేరుగా ఫైలులో రాయకూడదు. సాప్స్-నిక్స్, ఏజ్‌నిక్స్ వంటి సాధనాలు రహస్యాలను గుప్తీకరించి ఉంచి, వ్యవస్థ మొదలయ్యేటప్పుడో, కొత్త అమరిక అమల్లోకి వచ్చేటప్పుడో విప్పుతాయి.

రాయనిది ఉండకూడదన్న సూత్రాన్ని చివరంటా లాగినవారూ ఉన్నారు. ప్రతి బూట్‌లోనూ రూట్ ఫైల్ సిస్టమ్‌ను, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ సాయంతో ముందే తీసిన ఖాళీ స్నాప్‌షాట్‌కు తిప్పేసి, నిలుపుకోవాలని పేరు పెట్టి చెప్పిన డైరెక్టరీలను మాత్రమే ఉంచే పద్ధతిని గ్రాహమ్ క్రిస్టెన్‌సెన్ 2020లో వివరించాడు. ఇంపర్మనెన్స్ అనే మాడ్యూల్ దాన్ని సులువు చేసింది. ఏమేమి మిగలాలో యజమాని ముందే తేల్చుకోవాలి. మరచిపోయినది మర్నాడు ఉండదు. అందరికీ తగిన పద్ధతి కాదు కానీ, పేరుకుపోయే చెత్త మీద ఇంతకన్నా నికరమైన నిఘా లేదు.

రోజువారీ వాడకంలో చిరాకు పెట్టేది వేరే ఉంది. నిక్స్‌ఓఎస్‌లో మామూలు లినక్స్ డైరెక్టరీలు దాదాపు ఉండవు. బయటినుంచి దించుకున్న ప్రోగ్రాం తన లైబ్రరీలను అలవాటైన చోట వెతికి, దొరక్క ఆగిపోతుంది. నిక్స్-ఎల్‌డీ వంటివి ఈ చిక్కును చాలావరకు విప్పుతాయి. భాష నేర్చుకోవడం కష్టమని, దోష సందేశాలు అసలు తప్పు ఎక్కడుందో చెప్పకుండా పొడుగ్గా సాగుతాయని వచ్చే ఫిర్యాదుల్లో నిజం ఉంది.

సమీప ధోరణులు, ఇటీవలి మార్పులు

అప్‌గ్రేడ్ చెడితే వెనక్కి వెళ్లే అవసరాన్ని ఫెడోరా సిల్వర్‌బ్లూ అనే డిస్ట్రో మరో దారిలో తీర్చింది. వ్యవస్థ మొత్తం చదవడానికి మాత్రమే వీలున్న ఒక ఇమేజ్‌గా వస్తుంది, నచ్చకపోతే పాత ఇమేజ్‌కు వెళ్లవచ్చు. వర్ణన రాసే పని వాడుకరికి తప్పుతుంది, ఇమేజ్‌లో ఏముండాలో డిస్ట్రోయే నిర్ణయిస్తుంది.

నిక్స్‌పీకేజీస్ అనే ప్యాకేజీ సేకరణ లక్షకు పైగా ప్యాకేజీలకు పెరిగిన కాలంలోనే ప్రాజెక్టు పాలన మీద వివాదం ముదిరింది. స్పాన్సర్ల ఎంపిక, చర్చల నియంత్రణ, నిర్ణయాధికారం మీద 2024 ఏప్రిల్‌లో బహిరంగ లేఖ వెలువడింది. డోల్‌స్ట్రా ఫౌండేషన్ బోర్డు నుంచి తప్పుకున్నాడు. ప్రాజెక్టుకు రాజ్యాంగం రాసుకుని, అదే ఏడాది చివర ఏడుగురు సభ్యుల స్టీరింగ్ కమిటీని ఎన్నుకున్నారు. ఈలోగా నిక్స్ 2.18 ఆధారంగా లిక్స్ అనే శాఖ విడివడి, 2024 జులైలో తొలి విడుదల ఇచ్చింది. లిక్స్ కూడా అదే నిక్స్ భాషనూ అదే ప్యాకేజీ సేకరణనూ వాడుతుంది కాబట్టి ల్యాప్‌టాప్ యజమాని తన కాన్ఫిగరేషన్‌లో కొద్దిపాటి మార్పుతో దాన్ని ఎంచుకోవచ్చు.