మన నల్లరాతి గట్టులు చెప్పు చరిత్ర

చరిత్ర యనగానే మనకు శాతవాహనులు, కాకతీయులు స్మరణకు వత్తురు. ఎల్లంతకుంట పరిసరములందలి గుట్టల చరిత్రతో పోల్చినచో వారి కాలము నిన్నటి మాట. మానేటి పరీవాహక ప్రాంతమున మన కాలిక్రింది బండ గ్రానైటు. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరగియున్న ద్రవ్యము మెల్లగా చల్లారి యిట్లు గట్టిపడినది.

ఆ బండలను చీల్చుకొని నల్లని గోడలవలె సాగు రాతివరుసలు కరీంనగరు, సిరిసిల్ల ప్రాంతములందు కానవచ్చును. శాస్త్రజ్ఞులు వీనిని డైకులందురు. ఆ రాయి డోలెరైటు. హనుమకొండలో 1163లో వెలసిన వేయిస్తంభముల గుడి నల్లస్తంభము లీ జాతి రాతివే. భూమి పైపొర సాగినప్పుడు పగుళ్లు వారును. లోతునుండి శిలాద్రవము వానిలోనికెగసి గడ్డకట్టును. కావున డైకు సాగిన దిక్కును గుర్తించినచో, నాడు నేల దానికి అడ్డముగా ఇరువైపులకు లాగబడెనని గ్రహింపవచ్చును. నేడవి మన కంటబడుటకు కారణము, వానిపై నుండిన శిలలు ఎండకు, వానకు అరిగి కొట్టుకొనిపోవుటయే.

వీని వయస్సు కనుగొను మార్గము కలదు. రాతిలోని సూక్ష్మఖనిజములందు యురేనియము నియతవేగమున సీసముగా మారుచుండును. ఆ రెంటి పాళ్లను కొలువగా, బెంగుళూరు మొదలు కరీంనగరు వరకు గల డైకులలో అనేకములు సుమారు 236 కోట్ల యేండ్లనాటివని తేలినది. అంతేకాదు, రాయి చల్లారునప్పుడు అందలి ఇనుపఖనిజములు నాటి అయస్కాంతదిశను నిలుపుకొనును. ఆ దిశ ఇంచుమించు నిట్టనిలువుగా నుండుటచే, అప్పుడు మన నేల భూధ్రువమునకు చేరువగా నుండెనని పరిశోధకులు నిర్ణయించిరి. ఉష్ణదేశమని మనమెంచు ఈ గడ్డ ఎంతదూరము పయనించి వచ్చెనో కదా!

ఆదిలాబాదు వైపు కానవచ్చు నల్లరాయి వేరు. అది సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట భూమిపై ప్రవహించిన లావా. దక్కను పీఠభూమిలో అది నేటికిని ఇంచుమించు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర నిలిచియున్నది. రాజమహేంద్రవరము చెంత కాటేరు, పంగిడి గ్రామములందును అట్టి శిలలు కలవు. ఆ అగ్నికి మూలమైన తావు నేడు హిందూమహాసముద్రమున రీయూనియన్ దీవి క్రింద నున్నదని పలువురు భూశాస్త్రజ్ఞుల మతము. తావు కదలలేదు, మన దేశమే ఉత్తరమునకు జరిగినది.

ఈ విద్య పండితులకే పరిమితమైనది కాదు. పగుళ్లులేని డైకు భూగర్భజలమునకు అడ్డుకట్టయగును. ఒకవైపు బావి నిండియుండగా రెండవవైపు బావి ఎండుటకు అదియు నొక కారణము కావచ్చును. బావి త్రవ్వక మునుపు నల్లరాతి వరుసను గుర్తించు రైతు ధనమును, శ్రమను కాపాడుకొనును.

నేడు గుట్టలు కంకరగాను, పలకలుగాను తరలిపోవుచున్నవి. ఇండ్లకు, బాటలకు రాయి కావలసినదే. కాని గ్రంథము చినిగినచో వేరొక ప్రతి దొరకవచ్చును. పిండియైన గుట్టకు రెండవ ప్రతి లేదు. కావున మన యువకులు పరిసరములందలి రాళ్ల మచ్చులను సేకరించి, దొరికిన చోటును, రాతివరుస సాగు దిక్కును వ్రాసి ఈ గ్రంథాలయమున నొక బీరువాలో భద్రపరచినచో, రజతోత్సవమునకు అంతకంటె తగిన కానుక యుండదు.