వంశపారంపర్యపు వెండి చెంచాలు – వానిపై దేవతామూర్తులు

మన పూర్వులు విడిచిపోయిన సొత్తులలో భూములకు పట్టాలు కలవు. ఇండ్లకు దస్తావేజులు కలవు. పూజామందిరమునందలి వెండి చెంచాకు మాత్రము ఏ కాగితమును లేదు. అత్తగారినుండి కోడలికి, తండ్రినుండి కుమారునికి చేతులు మారుచు వచ్చిన ఆ చిన్న వస్తువు భాగపరిష్కార సమయమున తూకమునకు పంచబడి, పిమ్మట కంసాలి మూసలో కరగి పట్టీలుగనో మట్టెలుగనో మారుచున్నది. దానితో కుటుంబచరిత్రలో ఒక పుట నశించుచున్నది. చెంచా కొనయందలి మూర్తి యెవరిదో తెలిసికొన్నచో ఆ పుటను కొంతవరకు చదువవచ్చును. అందులకు తోడ్పడు కొన్ని యంశములను మన సోదరసోదరీమణులకును, పోషకమహాశయులకును మనవి చేయుచున్నాము.

మన యిండ్లలో దొరకదగిన యిట్టి చెంచాలు ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది ఆచమనమునకై పంచపాత్రతో వాడు ఉద్ధరిణి. రెండవది పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున చెన్నపట్టణమున ప్రసిద్ధికెక్కిన ‘స్వామి’ పనితనపు చెంచా. మూడవది ఇంగ్లండు దేశపు ఆచారమునుబట్టి క్రీస్తు శిష్యుల ప్రతిమలతో చేసిన చెంచా.

మూర్తిని గుర్తించుటలో ముఖమును నమ్మరాదు. ఏండ్లతరబడి విభూతితో తోమగా కన్నుముక్కులు అరిగిపోవును. చేతులందలి ఆయుధములను, హస్తముద్రను, పాదముల క్రింది వాహనమును చూడవలయును. పైచేతుల శంఖచక్రములున్నచో విష్ణుమూర్తి. వానితోపాటు క్రింది కుడిచేయి వరదముద్రతోను, ఎడమచేయి నడుమునొద్దను ఉన్నచో శ్రీ వేంకటేశ్వరుడని సాధారణముగా నిర్ణయింపవచ్చును. పైచేతుల గొడ్డలియు లేడియు నున్నచో శివుడు. మోకరిల్లి అంజలి ఘటించిన మూర్తిని చూచినంతనే హనుమంతుడని తలపక, వెనుకకు త్రిప్పి చూడవలయును. తోక యున్నచో హనుమంతుడు, రెక్కలున్నచో గరుత్మంతుడు.

నాట్యమాడు బాలమూర్తి విషయమున మరింత జాగ్రత్త వలయును. చేత వెన్నముద్దయో, కాలిక్రింద కాళియుని పడగయో యున్నచో బాలకృష్ణుడు. చూపుడువ్రేలు ఆకాశమువైపు ఎత్తి చూపుచున్నచో ద్రావిడదేశపు శైవభక్తుడైన తిరుజ్ఞానసంబంధరు. ఒక్క వ్రేలి భేదముచే వైష్ణవచిహ్నము శైవచిహ్నమగుచున్నది! ఇట్టి లక్షణములను వివరముగా నెరుగగోరువారికి టి. ఏ. గోపీనాథరావుగారు 1914–1916లలో ప్రకటించిన ప్రతిమాశాస్త్ర గ్రంథమును, హెచ్. కృష్ణశాస్త్రిగారు 1916లో ప్రకటించిన దక్షిణహిందూదేశ దేవతామూర్తుల గ్రంథమును మిక్కిలి ఉపకరించును. రెండును ఆంగ్లమున నున్నవి.

ఇక ‘స్వామి’ పనితనము. ఐరోపీయుల తేనీటి పాత్రలకును చెంచాలకును మన దేవతామూర్తులను ఉబ్బెత్తుగా తీర్చుట దీని లక్షణము. 1849లో చెన్నపట్టణమున స్థాపితమైన పీ. ఓర్ అండ్ సన్స్ సంస్థ దీనికి పేరుగాంచినది. దేవత యున్నంతమాత్రమున ఇట్టి చెంచా పూజకై చేసినదని చెప్పరాదు. ఇది భోజనపు బల్లకై పుట్టినది. శ్రీకృష్ణదేవరాయలవారు మా పూర్వునకు బహూకరించిరని ఇంటివాడుక యున్నను, వెనుకవైపున ఓర్ సంస్థ పేరున్నచో ఆ మాట నిలువదు. రాయలవారు 1529లోనే గతించిరి. ఇందుచే వంశగౌరవమునకు లోపమేమియు లేదు. చెన్నపట్టణముతో ఆ కుటుంబమునకు గల వ్యాపారమునో, ఉద్యోగమునో, స్నేహమునో వెదకుటకు ఆ ముద్రయే దారి చూపును. కల్పితమైన ఘనతకంటె నిజమైన చిన్నసంగతియే కులచరిత్రకు బలము.

ఇంగ్లండున పదునైదవ శతాబ్దము మొదలు పదునేడవ శతాబ్దమువరకు శిశువుల బాప్తిస్మ సమయమున శిష్యుల చెంచాలను కానుక యిచ్చుట వాడుక. మనలో అన్నప్రాశనమునకు వెండిగిన్నె నిచ్చుట వంటిదే యిది. పూర్ణమైన జతలో పదుమూడుండును. ఇందును చేతనున్న వస్తువే గుర్తు. తాళపుచెవి పేతురునకు, ఏటవాలు సిలువ అంద్రెయకు, పాత్ర యోహానునకు, కత్తి బర్తొలొమయికి, రంపము సీమోనునకు, ఈటె తోమాకు చెల్లును. ఈ తోమాయే మైలాపూరు ప్రాంతమున ఈటెపోటున మరణించెనని క్రైస్తవ సంప్రదాయము. నేడు కనబడు నిట్టి చెంచాలలో అధికభాగము పందొమ్మిదవ శతాబ్దమునుండి చేసిన అనుకరణములే.

కాలనిర్ణయమునకు కాడ వెనుకనుండు ముద్రలు ముఖ్యములు. ఇంగ్లండున చిరుతపులి తల ముద్ర 1300లోను, సంవత్సరమును తెలుపు అక్షరము 1478లోను, నడచు సింహము 1544లోను ఏర్పడినవి. లంగరు ముద్ర 1773 నుండి బర్మింగుహాము పట్టణమునకు చెల్లినది. ఆంగ్లేయ పరిపాలనలోని మన దేశమున వెండికి ఇట్టి నిర్బంధ ముద్ర లేదు. చేయించిన సంస్థ పేరు మాత్రమే యుండును. ‘ఈ.పీ.ఎన్.ఎస్.’ అను అక్షరములున్నచో లోపల రాగి, తుత్తునాగము, నికెలు కలిసిన లోహమును, పైన వెండిపూతయు నని గ్రహింపవలయును.

కావున మన వారికి మా ప్రార్థన యిది. చెంచాలను పొడులతో గట్టిగా రుద్దకుడు. గుర్తులు అరిగిన పిమ్మట తిరిగి రావు. జతను విడదీసి తూకమునకు పంచుకొనకుడు. ముందువెనుకల ఛాయాచిత్రములు తీయించి, ఎవరు ఎవరికి ఏ శుభకార్యమున ఇచ్చిరో పెద్దలనడిగి వ్రాసియుంచుడు. నూరేండ్లు నిండిన యిట్టి కళావస్తువులను విదేశములకు పంపుటను 1972 నాటి పురావస్తు చట్టము నిషేధించుచున్నదని మరువకుడు. మహాసభవారు ఊరూర నిట్టి వస్తువుల పట్టికను సిద్ధపరచి, పోషకమహాశయులు దాని ముద్రణమునకు చేయూతనిచ్చినచో, మన బిడ్డలకు వెండితోపాటు దాని కథయు దక్కును.