సాయ్ సాయ్: ఇందూరు ఇళ్లలో ఒక చప్పుడు తారీఖ్

మన ఇళ్లలో ఆ చప్పుడుకు ఒక్క పేరంటూ లేదు. దాదీలు "సాయ్ సాయ్ అంటోంది" అనేవారు. రేడియో బాగుచేసే ఉస్తాదులు "శోర్" అంటారు. పిల్లలేమో "సూ... అని వస్తోంది" అంటారు. గజల్ ఆగినప్పుడు, తఖ్రీర్ చేసే మౌలానా ఊపిరి తీసుకున్నప్పుడు, స్పీకర్ వెనకాల సన్నగా వీచే గాలి లాంటి చప్పుడు. లక్ష రూపాయల హోమ్ థియేటర్‌లోనూ ఉంటుంది, మా ఖిల్లా దగ్గర బోర్డులు కొని జోడించుకున్న దేశీ సెట్టులోనూ ఉంటుంది.

ముందే ఒక మాట. దీన్ని గుంయ్‌మనే చప్పుడుతో కలపకండి. గుంయ్ అన్నది కరెంటుది. మన లైన్లలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోయినా, టీవీకీ ఆంప్లిఫయర్‌కీ మధ్య తీగల్లో చుట్టు ఏర్పడినా, ఆ ఊపే 50, 100 దగ్గర పాటలోకి దూరుతుంది. దాన్ని వెతికి పట్టి పూర్తిగా తీసేయొచ్చు. సాయ్ సాయ్ సంగతి అలా కాదు. దానికి ఒక సురం లేదు, అన్ని సురాలూ కలిసి ఉంటాయి. దాన్ని తగ్గించగలం, ఖతం చేయలేం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన ఖాందాన్లలో ఒక కొత్త పని మొదలైంది. గల్ఫ్ రోజుల క్యాసెట్లను పెట్టెల్లోంచి తీసి, ఫోన్లలోకి ఎక్కించి, "సాఫ్" చేయిస్తున్నారు. మంచి పనే. కాని సాఫ్ చేయడంలో ఏం పోతోందో తెలియాలంటే, ఆ చప్పుడు ఎక్కడిదో, మన మధ్యకి ఎట్లా వచ్చిందో తెలియాలి.

1935 ఫిబ్రవరి 3న హైదరాబాద్‌లో నిజాం సర్కారు దక్కన్ రేడియో గాలిలోకి వచ్చింది. ట్రాన్స్‌మిటర్ తాఖత్ 200 వాట్లు. రేడియో వాట్లూ స్పీకర్ వాట్లూ ఒకటి కావు గాని, ఆ అంకె ఎంత చిన్నదో ఊహించడానికి చాలు. రేడియోకి అప్పటి ఉర్దూలో ఒక హసీన్ మాట ఉండేది: లాసిల్కీ. సిల్క్ అంటే తీగ, లా అంటే లేదు. తీగ లేనిది. అక్కడి నుంచి ఇందూరు దాదాపు 175 కిలోమీటర్లు, బోధన్ ఇంకో పాతిక పైన.

అదే కాలంలో మన ఇలాఖా మారిపోతోంది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూర్ గీసిన నక్షా, మంజీర నీళ్లను చెరుకు తోటల్లోకి తెచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. పక్కనే శక్కర్‌నగర్. నెలనెలా తన్‌ఖా అందుకునే ఇంజనీర్లు, కెమిస్టులు, మున్షీలు, వాళ్ల క్వార్టర్లు, క్వార్టర్లలో కరెంటు. రేడియో కొనగల ఇళ్లు ముందుగా పుట్టేది ఇలాంటి చోట్లనే.

దూరపు స్టేషన్ పట్టేటప్పుడు రేడియో సెట్టు ఒక పని చేస్తుంది. సిగ్నల్ కమ్‌జోర్‌గా ఉంటే తనంతట తానే చెవి రిక్కిస్తుంది, అంటే పెంపు ఎక్కువ చేస్తుంది. మాట పెరుగుతుంది, దాంతోపాటు సెట్టు లోపలి సాయ్ సాయ్ కూడా పెరుగుతుంది. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆల్ ఇండియా రేడియోలో కలిసిపోయింది. తర్వాత సిలోన్ వచ్చింది, 1965లో ఆకాశవాణి ఉర్దూ సర్వీస్ వచ్చింది, హైదరాబాద్ నుంచి నైరంగ్ వచ్చింది. అన్నింటి కిందా అదే చప్పుడు, జాజిమ్ పరిచినట్టు.

ఆ చప్పుడు ఎక్కడ పుడుతుందో 1928కే తేలిపోయింది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ అనే సాహెబ్ కొలిచి చూపాడు, నైక్విస్ట్ లెక్క కట్టి చెప్పాడు. తీగలో, రెసిస్టర్‌లో ఉన్న ఎలక్ట్రాన్లు వేడికి ఊరికే ఉండవు, ఇటూ అటూ కదులుతూ ఉంటాయి. ఆ బేచైనీయే మనకు వినిపించేది. 10 వేల ఓములుండే మామూలు రెసిస్టర్ గది వేడిలో, మనిషి చెవికి అందే మేరలో, దాదాపు 2 మైక్రోవోల్టులు పుట్టిస్తుంది. ఏ కంపెనీదైనా అంతే. మే నెల బోధన్ ఎండకు ఇంకెంత అవుతుందో అనుకునేరు! ఈ లెక్కలో వేడిని కొలిచేది మైనస్ 273 డిగ్రీల నుంచి. 20 డిగ్రీల గది 45 డిగ్రీలకు మండినా ఆ వోల్టేజీ 4 శాతమే పెరుగుతుంది. కాబట్టి సెట్టుకు ఏసీ పెట్టి లాభం లేదు.

అదే బెల్ ల్యాబ్స్‌లో జాన్‌స్కీ అనే ఇంకొకాయన షార్ట్‌వేవ్‌లో వచ్చే ఒక మొండి సాయ్ సాయ్ వెంటపడి, అది పాలపుంత నడిమి నుంచి వస్తోందని 1933లో ప్రకటించాడు. అంటే రేడియో చప్పుడులో కొంత ఆస్మాన్‌ది కూడా.

మన జిల్లాకు ఈ చప్పుడు నిజంగా సొంతమైంది మాత్రం క్యాసెట్‌తో. 1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాలకు చేతులు కావలసి వచ్చాయి. ఆర్మూరు, బోధన్, బాల్కొండ వైపు నుంచి ముస్లింలూ, ముస్లిమేతరులూ జిద్దా, దుబాయ్, మస్కట్ బాట పట్టారు. సెలవుకు వచ్చినప్పుడు కంబళ్లు, అత్తరుతో పాటు టూ-ఇన్-వన్ వచ్చేది. వెళ్లేటప్పుడు ఖాళీ క్యాసెట్లు ఇంట్లో ఉండిపోయేవి. చదవడం రాయడం రాని అమ్మీలు, కొత్త కోడళ్లు వాటిలో మాట్లాడి, తిరిగి వెళ్లే ఊరి మనిషి చేతికిచ్చి పంపేవారు. ఉత్తరం రాయించాలంటే ఇంకొకరి ముందు దిల్ విప్పాలి. క్యాసెట్‌కు ఆ మూడో మనిషి అక్కర్లేదు. మన ఆడవాళ్ల గొంతు మొదటిసారి దాఖలా అయింది ఆ డబ్బాల్లోనే అని నా నమ్మకం. ఈ ప్రాంతం తారీఖ్ రాసేవాళ్లు సనదులు, ఫర్మానాలు తిరగేస్తారు గాని ఈ క్యాసెట్ల జోలికి రారు.

క్యాసెట్ టేపు వెడల్పు 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు, సెకనుకు 4.76 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. స్టూడియోల్లో పెద్ద చక్రాల టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు పరుగెత్తేది. సన్నని టేపు, నెమ్మది నడక, అంటే మాట నిలిచే జాగా తక్కువ, టేపు మీది అయస్కాంతపు రేణువుల సొంత చప్పుడు ఎక్కువ. ఒక డెక్కు నుంచి ఇంకో డెక్కుకు కాపీ చేస్తే ఆ చప్పుడు ఇంకోసారి కలుస్తుంది. ముషాయరా క్యాసెట్ మూడో చేతికి వచ్చేసరికి షాయర్ వాన వెనక నిలబడి చదువుతున్నట్టుండేది ఇందుకే.

టూ-ఇన్-వన్‌లో ఇంకో గుణం ఉంది. లోపలి మైకుకు రికార్డింగ్ స్థాయి దానంతట అదే సర్దుకుంటుంది. మనిషి మాట్లాడుతుంటే తగ్గిస్తుంది, ఆగగానే పెంచుతుంది. రేడియో చెవి రిక్కించినట్టే ఇదీను. నేను విన్న ఒక శక్కర్‌నగర్ క్యాసెట్‌లో ఒక తల్లి "ఔర్ క్యా బోలూఁ బేటా..." అని ఆగుతుంది. మూడు నాలుగు సెకన్లలో సాయ్ సాయ్ నెమ్మదిగా పైకి లేస్తుంది, దానితోపాటు పొయ్యి మీద మూత కదలడం, దూరంగా చెరుకు లారీ గేరు మార్చడం. ఆమె మళ్లీ నోరు తెరవగానే అన్నీ వెనక్కి తగ్గుతాయి.

ఇక్కడ ఒక విచిత్రం. టేపు చప్పుడును దుమ్ము దులిపిన మనిషికి ఆ ఖయాల్ వచ్చింది హిందుస్తాన్‌లోనే. రే డాల్బీ అమెరికావాడు, కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసి, 1963 నుంచి 1965 దాకా యునెస్కో తరఫున చండీగఢ్‌లో శాస్త్రపరికరాల సంస్థకు సలహాదారుగా పనిచేశాడు. 1965లో లండన్ వెళ్లి సొంత కంపెనీ పెట్టాడు. ఇళ్ల క్యాసెట్ డెక్కుల్లో చేరిన డాల్బీ-బి కిటుకు ఇది: రికార్డు చేసేటప్పుడు మెల్లని సన్న చప్పుళ్లను పెంచి టేపు మీద పెట్టు, వినిపించేటప్పుడు అంతే తగ్గించు. పాట మామూలవుతుంది, మధ్యలో టేపు కలిపిన సాయ్ సాయ్ మాత్రం పై సురాల్లో 10 డెసిబెల్స్ దాకా పడిపోతుంది.

రెండు వైపులా చేస్తేనే హిసాబ్ సరిపోతుంది. మనవాళ్లు డెక్కు మీద ఆ బొత్తాం చూసి, అన్ని క్యాసెట్లకీ నొక్కేశారు. డాల్బీ లేకుండా రికార్డైన అమ్మీ క్యాసెట్‌కు కూడా. చప్పుడు తగ్గింది, గొంతు మీద దుప్పటి కప్పినట్టయింది.

ఇక నేటి హోమ్ థియేటర్‌కు వస్తే, పరీక్ష చాలా సులువు. పాట ఆపి, వాల్యూమ్ సున్నాకు తెచ్చి, స్పీకర్‌కు జానెడు దూరంలో చెవి పెట్టండి. సాయ్ సాయ్ అప్పుడూ అంతే ఉంటే అది వాల్యూమ్ దాటాక ఉన్న పవర్ ఆంప్లిఫయర్‌ది. 4440 ఐసీ బోర్డుల్లో ఇది మామూలే. సోఫా దగ్గర వినిపించకపోతే వదిలేయండి. వాల్యూమ్‌తో పాటు పెరిగితే ముందు భాగానిది, లేదా టీవీ, ఫోన్, డబ్బా ఏదైతే జోడించారో దానిది. ఒక్కొక్క తీగ పీకి చూస్తే దోషి దొరుకుతుంది. ఫోన్‌లో వాల్యూమ్ పావు పెట్టి ఆంప్లిఫయర్‌ను నిండా తిప్పేవాళ్లే ఎక్కువ. తలకిందులు చేయండి, సగం బాధ పోతుంది. కొన్ని స్పీకర్లు తక్కువ కరెంటుకే గట్టిగా పలుకుతాయి. వాటిలో చప్పుడూ గట్టిగానే ఉంటుంది. మస్జిద్ మినార్ మీది హారన్లు ఆ జాతివే. అజాన్‌కు ముందు ఆంప్లిఫయర్ వేయగానే "టక్" మని, ఆ వెంటే సాయ్ సాయ్. అహ్మదీ బజార్‌లో షట్టర్ దించేవాళ్లకు అదే ముందు ఇత్తిలా.

మళ్లీ క్యాసెట్ల దగ్గరికి. ఫోన్‌లో సాఫ్ చేసే ప్రోగ్రాములు సాధారణంగా ఒక నమూనా అడుగుతాయి: వట్టి చప్పుడు మాత్రమే ఉన్న ముక్క చూపించండి, దాన్ని అంతటా తీసేస్తాం. వట్టి చప్పుడు ఎక్కడుంటుంది? మనిషి ఆగిన చోట. "ఔర్ క్యా బోలూఁ" తర్వాతి ఆ మూడు సెకన్లను చూపిస్తారు. పొయ్యి మూత, లారీ, ఇల్లు మొత్తం శోర్ ఖాతాలో పడి పోతాయి.

ఇంకో నష్టం అక్షరాలది. మనలో తజ్వీద్ నేర్చినవాళ్లకు సఫీర్ హరూఫ్ తెలుసు: సాద్, జా, సీన్. ఈలలాగా పలికేవి. హమ్స్ హరూఫ్‌లో ఊపిరి పారుతుంది. తెలుగులో స, శ, ష అంతే. వీటి ప్రాణం ఉండేది సాయ్ సాయ్ గట్టిగా ఉండే పై సురాల్లోనే. గట్టిగా సాఫ్ చేస్తే చప్పుడుతో పాటు సీన్ అరిగిపోతుంది, "సలాం" నత్తిగా వినిపిస్తుంది. తిలావత్ రికార్డింగ్ మీద ఈ పని చేయడం నాకు అసలు ఇష్టం లేదు.

కాబట్టి మాలపల్లిలోనో, బోధన్‌లోనో క్యాసెట్లు ఎక్కించే మనిషికి ఇచ్చేటప్పుడు కొన్ని షర్తులు పెట్టండి. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. హెడ్ పక్క చిన్న స్క్రూను ఈ క్యాసెట్‌కు తగ్గట్టు, గొంతు అన్నింటికన్నా తేటగా వినిపించే చోటికి తిప్పాలి. రికార్డింగ్‌లో డాల్బీ లేకపోతే బొత్తాం ఆఫ్‌లోనే ఉండాలి. ఎంపీ3 కాదు, 24 బిట్ వేవ్ ఫైలు కావాలి. గంట క్యాసెట్ ఒక జీబీ పైచిలుకు అవుతుంది, అంతే. దానికి "అసల్" అని పేరు పెట్టి చెయ్యి పెట్టకుండా ఉంచండి. సాఫ్ చేయించుకుంటే అది వేరే ఫైలు, వేరే పేరు. క్యాసెట్‌ను మాత్రం పారేయకండి, వెనక రెండు చెవులు విరిచేసి పెట్టండి, ఎవరూ పొరపాటున దాని మీద మళ్లీ రికార్డు చేయలేరు.